అదను – పదును

పాఠ్యభాగ పరిచయం

ఋతువులను వర్ణించడం కవుల పని. ఋతువులతో కలసి పనిచేయడం కృషీవలుల పని. కాలాన్ని నిశితంగా గమనించే చూపు ఇద్దరికీ అవసరమే. శీతకాలంలో పూచే ఏకవార్షిక పూల మొక్కలను విత్తనం నుండి పెంచే విధానాన్నీ, అందులో ఇమిడి ఉన్న ప్రకృతి సూత్రాలనూ ఈ పాఠం వివరిస్తుంది. విత్తనాన్ని దాచుకోవడమనే ప్రాచీనమైన అలవాటు నేడు ఎందుకు తగ్గిపోతున్నదో, దానిని ఎలా నిలుపుకోవచ్చునో ఆలోచింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

వసంతం పూల ఋతువని కావ్యాలు చెబుతాయి. మోదుగకూ, వేపకూ, కానుగకూ సంబంధించినంతవరకు అది నిజమే. అవి ఏళ్ళ తరబడి నేలలో వేళ్ళూనుకొని, లోతుల్లోని తేమను అందుకోగల వృక్షాలు. విత్తు నుండి మొలచి, పెరిగి, పూచి, మళ్ళీ విత్తుగా మారి కొద్ది నెలలలోనే జీవితాన్ని ముగించే చిన్న మొక్కలకు మాత్రం తెలుగునాట వసంతం ఆలస్యమైన ఋతువు. చైత్రం వచ్చేసరికే మధ్యాహ్నపు ఎండ సాధారణంగా 35 డిగ్రీలు దాటుతుంది. లేత కాండాలు వాడిపోతాయి, మొగ్గలు విచ్చుకోకముందే రాలిపోతాయి. అందువల్ల ఈ మొక్కలకు ఇక్కడ పూలకాలం హేమంతం. శరదృతువులో విత్తడం, హేమంతంలో పూయించడం, శిశిరంలో విత్తనం సేకరించడం అనే మూడు దశలలో వీటి కథ నడుస్తుంది.

ఇలా ఒకే ఋతుచక్రంలో జీవితాన్ని పూర్తి చేసుకొనే మొక్కలను వృక్షశాస్త్రజ్ఞులు ఏకవార్షికాలంటారు. వీటిలో వర్షాలతో పెరిగేవి కొన్ని. బతుకమ్మలో పేర్చే గునుగు ఆ కోవకు చెందినదే. చలిని కోరేవి మరికొన్ని. పెటూనియా, ఫ్లాక్స్, డయాంథస్, యాంటిర్రైనం, చైనా ఆస్టర్, కాలెండులా, నాస్టర్షియం, లార్క్‌స్పర్, పాన్సీ వంటివి ఈ రెండవ కోవలోనివి. బంతి ఏ కాలంలోనైనా పెరిగే మొక్కయినా, దాని పువ్వు నిండుగా, రంగు చిక్కగా వచ్చేది చలికాలంలోనే. చేమంతికి ఈ జాబితాలో చోటు లేదు. అది కొన్నేళ్ళు బతికే మొక్క. దానిని సాధారణంగా పిలకలతోనో, కొమ్మ కత్తిరింపులతోనో పెంచుతారు. చేమంతిని పోలి కనిపించే చైనా ఆస్టర్‌ను మాత్రం విత్తనంతోనే పెంచాలి.

ఈ పూలలో చాలాభాగం దూరదేశాల నుండి వచ్చినవి. పెటూనియా దక్షిణ అమెరికాకు చెందినది. పొగాకు, వంకాయ, టమాటా దానికి దగ్గరి బంధువులు. కాలెండులా, యాంటిర్రైనం మధ్యధరా సముద్ర తీరప్రాంతాలవి. ఆ తీరాలలో వానలు చలికాలంలో కురుస్తాయి. వేసవి పొడిగా, వేడిగా ఉంటుంది. అందుకే ఆ మొక్కలు వేసవిని విత్తన రూపంలో గడిపి, చల్లదనం రాగానే మొలచి, మళ్ళీ వేసవి రాకముందే విత్తనం కట్టుకోవడానికి అలవాటుపడ్డాయి. తెలుగునేల మీద వాటికి ఆ చల్లని వేళ కార్తికం నుండి మాఘం వరకు దొరుకుతుంది. అందువల్లనే అవి ఇక్కడ ఇమిడిపోయాయి.

బంతి కథ మరింత ఆసక్తికరమైనది. సంక్రాంతి ముగ్గులలో గొబ్బెమ్మ తలపై కూర్చునే ఆ పువ్వు పుట్టినిల్లు మెక్సికో. అక్కడివారు నవంబరు 1, 2 తేదీలలో గతించిన పెద్దలను తలచుకొంటూ వారి సమాధులను బంతిపూలతో అలంకరిస్తారు. దాదాపు అదే కాలంలో తెలుగువారి గుమ్మాలకు దీపావళి బంతి తోరణాలు కడతారు. ఒక విత్తనం సముద్రాలు దాటి వచ్చి, మరొక జాతి పండుగలో ఇంటి మనిషిలా కలసిపోయింది.

విత్తనాల ప్రయాణం వెనుక మనుషుల శ్రమ కూడా ఉంది. స్కాట్లండ్‌కు చెందిన థామస్ డ్రమ్మండ్ మొక్కలను సేకరించడమే వృత్తిగా పెట్టుకొన్నవాడు. అమెరికాలోని టెక్సాస్ మైదానాలలో ఆయన అనేక కష్టాలకోర్చి వందలాది మొక్కల నమూనాలను, విత్తనాలను పోగుచేసి బ్రిటన్‌కు పంపాడు. 1835లో క్యూబాలో మరణించాడు. ఆయన పంపిన విత్తనాలలో ఒకటి బ్రిటన్ తోటలలో మొలచి, గులాబీ, ఎరుపు, ఊదా రంగుల పూలు పూచింది. వృక్షశాస్త్రజ్ఞుడైన విలియం జాక్సన్ హుకర్ ఆ మొక్కకు ఫ్లాక్స్ డ్రమ్మండై అని నామకరణం చేశాడు. నేడు తెలుగు నగరాలలో బడి తోటల అంచుల వెంట చలికాలంలో కనిపించే ఫ్లాక్స్ పూలు ఆ మొక్క సంతతివే. విత్తనాన్ని పంపినవాడికి ఆ తోటలను చూసే భాగ్యం కలగలేదు.

అదను

తెలుగు రైతుల భాషలో అదను, పదును అనే రెండు మాటలున్నాయి. అదను అంటే పనికి తగిన కాలం. పదును అంటే విత్తడానికి తగిన తేమ. సేద్యానుభవమంతా ఈ రెండు మాటలలోనే ఉందని చెప్పవచ్చు. శీతకాలపు పూల పెంపకంలో కూడా చాలా వైఫల్యాలు ఈ రెండింటిలో ఏదో ఒకటి తప్పడం వల్ల వచ్చేవే.

చలి ముదిరిన తరువాత శీతకాలపు పూలకు విత్తనం వేయాలని చాలామంది అనుకొంటారు. అది పొరపాటు. విత్తినది మొదలు పూచేవరకు ఆస్టర్ వంటి మొక్కకు సుమారు మూడు నెలలకు పైగా పడుతుంది. సంక్రాంతికి పువ్వు కావాలంటే సెప్టెంబరు చివరలోనో, అక్టోబరు మొదటి రోజులలోనో విత్తనం నేలలో పడాలి. అప్పటికి ఎండ ఇంకా తగ్గదు, వానలు పూర్తిగా పోవు. బంతికి సుమారు రెండు నెలలు చాలు కాబట్టి, ధనుర్మాసపు గొబ్బెమ్మల కోసమైతే అక్టోబరు చివరి వరకు సమయముంటుంది. కావలసిన రోజును ముందు నిర్ణయించుకొని, అక్కడి నుండి రోజులను వెనక్కి లెక్కించడం పూలసాగులో మొదటి పాఠం. పండుగ కోసం బంతి వేసే రైతుకు ఈ లెక్క జీవనాధారం. పండుగకు ముందు విచ్చిన పువ్వుకున్న ధర పండుగ మరునాడు విచ్చిన పువ్వుకు ఉండదు. మొక్క ఒకటే, పువ్వు ఒకటే, శ్రమ ఒకటే. తేడా కొద్ది రోజులది మాత్రమే.

అదను అన్ని ప్రాంతాలకూ ఒకటి కాదు. తెలంగాణ పీఠభూమి మీద ఉత్తర కార్తె చివర నుండి హస్త కార్తె వరకు విత్తడం అనుకూలం. కోస్తాలో ఈశాన్య ఋతుపవనాల వానలూ, అక్టోబరు, నవంబరు నెలలలో తుపానుల భయమూ ఉంటాయి. అక్కడ నారును పందిరి కింద కాపాడుకొంటూ చిత్త, స్వాతి కార్తెలలో విత్తుకోవడం మేలు. సముద్రం దగ్గరగా ఉండడం వల్ల కోస్తాలో రాత్రులు అంత చల్లబడవు. కనుక పాన్సీ వంటి చలిప్రియమైన మొక్కలు అక్కడ అంతగా రాణించవు. బంతి, పెటూనియా బాగా వస్తాయి. అరకు, చింతపల్లి, లంబసింగి వంటి మన్యపు ఎత్తులలో చలి ముందుగానే వస్తుంది. నవంబరులో ఆ కొండవాలులను పసుపుపచ్చగా మార్చే వలిసె కూడా ఏకవార్షికమే. గిరిజన రైతులు దానిని నూనెగింజల కోసం పండిస్తారు. చూడటానికి వచ్చేవారికి మాత్రం అది పూలతోట.

అదను తప్పితే ఏమవుతుంది? డిసెంబరులో విత్తిన పెటూనియా ఫిబ్రవరి చివరకు గాని పూతకు రాదు. అప్పటికి ఎండలు మొదలవుతాయి. రాత్రి ఉష్ణోగ్రత పెరిగినకొద్దీ మొక్క శ్వాసక్రియ వేగం పెరుగుతుంది. పగలు ఆకులు తయారుచేసుకొన్న ఆహారంలో పెద్దభాగం రాత్రివేళ ఖర్చయిపోతుంది. పెరుగుదలకూ పూతకూ మిగిలేది తక్కువ. మొక్క పొట్టిగా ఉండగానే నాలుగు చిన్న పూలు పూచి, తొందరగా విత్తనం కట్టి ఎండిపోతుంది. ఎరువులు వేసినా, నీళ్ళు పోసినా గడచిన కాలం తిరిగి రాదు.

విత్తనం

విత్తనం నిద్రిస్తున్న మొక్క. దానిలో పిండమూ, ఆ పిండానికి కొన్నాళ్ళకు సరిపడే ఆహారమూ, రెండింటికీ రక్షణగా ఒక పొర ఉంటాయి. నీరు తగలగానే విత్తనం ఉబ్బుతుంది. లోపలి ఎంజైములు మేల్కొని, నిలువ ఉన్న పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. ఆ శక్తితో ముందు వేరు కిందికి, తరువాత కాండం పైకి సాగుతాయి. ఆకు వెలుగు చూసి సొంతంగా ఆహారం తయారుచేసుకొనే వరకు తల్లి మొక్క కట్టి ఇచ్చిన మూటే దానికి ఆధారం.

ఆ మూట అన్ని విత్తనాలలో ఒకే పరిమాణంలో ఉండదు. ఒక గ్రాము బరువుకు నాస్టర్షియం గింజలు పదికి లోపుగానే తూగుతాయి. బంతి గింజలు సుమారు మూడు వందలు తూగుతాయి. పెటూనియా గింజలైతే సుమారు పదివేలు! విత్తే లోతును నిర్ణయించేది ఈ తేడాయే. గింజ మందానికి రెండు మూడు రెట్లు మించకుండా మట్టి కప్పాలనేది సామాన్య నియమం. నాస్టర్షియంను వేలి కణుపు లోతున నాటవచ్చు. బంతిని పలుచగా కప్పాలి. పెటూనియాను లోతుగా పాతిపెడితే, దాని మూట మార్గమధ్యంలోనే ఖాళీ అయిపోతుంది.

వెలుగు విషయంలోనూ విత్తనాలకు ఇష్టానిష్టాలున్నాయి. పెటూనియా, యాంటిర్రైనం గింజలు వెలుగు తగిలితేనే బాగా మొలుస్తాయి. వీటిని మట్టితో కప్పరాదు. పైన చల్లి అరచేతితో మెల్లగా ఒత్తితే చాలు. కాలెండులా, ఫ్లాక్స్, లార్క్‌స్పర్ గింజలు చీకటిని కోరుతాయి. వాటిని మట్టితో పూర్తిగా కప్పాలి. ఒకే మడిలో, ఒకే రోజున, ఒకే పద్ధతిలో అన్నిటినీ చల్లి, కొన్ని మొలవలేదని విత్తనాన్ని నిందించడం న్యాయం కాదు.

పదును

నారుమడికి మాగిన పశువుల ఎరువు, ఎర్రమట్టి, ఇసుక సమపాళ్ళలో కలిపి జల్లెడ పట్టి వాడటం పాత పద్ధతి. ఇప్పుడు కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు కలిపి గళ్ళున్న ప్లాస్టిక్ ట్రేలలో పెంచే పద్ధతి నర్సరీలలో స్థిరపడింది. గోదావరి తీరాన కడియం ప్రాంతపు నర్సరీల వంటి చోట్ల చలికాలం ముందు వరుసలు వరుసలుగా పూలనారు సిద్ధమవుతుంది. పొలంలోనైతే ఒక మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు ఉండే మడులు చేయాలి. ఎత్తు మడిలో నీరు నిలవదు. ఇంట్లో పెంచేవారికి అడుగున రంధ్రమున్న వెడల్పాటి మట్టి మూకుడు చాలు.

సన్నని విత్తనాన్ని పొడి ఇసుకతో కలిపి చల్లితే సమంగా పడుతుంది. బంతి, ఆస్టర్ వంటి వాటిని ఐదు సెంటీమీటర్ల దూరంలో గీసిన గీతల వెంట పలుచగా వేయాలి. పైనుండి ధారగా నీరు పోస్తే గింజలు ఒకచోటికి కొట్టుకుపోతాయి. సన్నటి రంధ్రాల మూతి ఉన్న డబ్బాతో చిలకరించాలి. పెటూనియా విషయంలో అది కూడా ప్రమాదమే. ఆ మూకుడును నీళ్ళున్న పళ్ళెంలో ఉంచితే, తేమ కింది నుండి పైకి పాకి మట్టి తడుస్తుంది. తడి కనిపించగానే తీసివేయాలి. మూకుడును నీళ్ళపళ్ళెం మధ్య ఇటుక మీద నిలిపితే చీమలు చేరి గింజలను మోసుకుపోలేవు. మొలకలు కనిపించే వరకు మీద పలుచని కాగితమో, వరిగడ్డో కప్పి తేమను నిలపవచ్చు. వెలుగు కోరే విత్తనాలకు మాత్రం వెలుగును అడ్డగించని కప్పు కావాలి. మొలక కనిపించిన రోజే కప్పు తీసివేయడం మరువరాదు. తీయకపోతే మొలకలు వెలుగు కోసం సాగి, పాలిపోయి, నిలువలేక వాలిపోతాయి.

బంతి నాలుగైదు రోజులలో మొలుస్తుంది. ఆస్టర్‌కు వారం నుండి పది రోజులు, యాంటిర్రైనంకు రెండు వారాల వరకు పట్టవచ్చు. ఈ రోజులలో ఆరుదలా పనికిరాదు, అతి తడీ పనికిరాదు. పిడికెడు మట్టిని తీసి ఒత్తితే ముద్ద కట్టాలి, వదిలితే నీరు కారకూడదు. పదును అంటే ఇదే. కొలతగా చెప్పడం కష్టమైన ఈ జ్ఞానం చేతివేళ్ళకు అలవాటుగా అబ్బుతుంది.

అతి తడి తెచ్చే ఆపద నారుకుళ్ళు తెగులు. సాయంత్రం నిటారుగా నిలిచిన మొలకలు తెల్లవారేసరికి నేలకొరిగి ఉంటాయి. కాండం నేలను తాకే చోట నీటిలో నానినట్లు మెత్తబడి, నడుము విరిగినట్లు కనిపిస్తాయి. పిథియం, రైజోక్టోనియా అనే శిలీంధ్రజాతి సూక్ష్మజీవులు దీనికి కారణం. అవి మట్టిలో ఎప్పుడూ ఉండేవే. గింజలు దట్టంగా చల్లి, గాలి ఆడనీయక, పొద్దుపోయిన తరువాత నీరు పెట్టి, రాత్రంతా మడిని తడిగా ఉంచినప్పుడు అవి విజృంభిస్తాయి. పలుచగా విత్తడం, ఉదయం వేళ నీరు పెట్టడం, నీరు పోయే దారి ఉంచడం దీనికి ముందుజాగ్రత్తలు. తెగులు కనిపిస్తే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మడిని తడపాలని వ్యవసాయశాస్త్రజ్ఞులు చెబుతారు. ఒరిగిన మొలక మాత్రం మళ్ళీ లేవదు. కాబట్టి చికిత్స కంటే జాగ్రత్తే ముఖ్యం.

నాటు – తల తుంచడం

నాలుగు నుండి ఆరు ఆకులు వచ్చిన నారు, అంటే దాదాపు నాలుగు వారాల నారు, నాటడానికి తగినది. దానికి వారం ముందు నుండి నీరు కొద్దికొద్దిగా తగ్గించి, ఎండ కొద్దికొద్దిగా చూపి మొక్కను గట్టిపరచాలి. నీడలో గారాబంగా పెరిగిన నారు ఒక్కసారిగా ఎండలోకి వస్తే తట్టుకోలేదు. నాటవలసిన వేళ సాయంత్రం. రాత్రి చల్లదనంలో వేళ్ళు కుదురుకొని, మరునాటి సూర్యోదయానికి మొక్క నిలదొక్కుకొంటుంది. లార్క్‌స్పర్, నాస్టర్షియం వంటివి వేరు కదిలితే సహించవు. వాటిని పూచేచోటనే విత్తి, ఒత్తుగా మొలచిన వాటిని పలుచన చేయాలి. పీకివేయడానికి మనసొప్పక అన్నిటినీ ఉంచితే ఏ ఒక్కటీ సరిగా పెరగదు.

బంతి, పెటూనియా, యాంటిర్రైనం మొక్కలు ఏపుగా ఎదుగుతున్నప్పుడు చిగురును తుంచివేయడం తోటపనిలో ముఖ్యమైన మెలకువ. కొస చిగురులో తయారయ్యే ఆక్సిన్ అనే పదార్థం కిందికి ప్రసరిస్తూ పక్క మొగ్గలను నిద్రపుచ్చుతుంది. ఆ చిగురు పోగానే పక్క మొగ్గలు మేల్కొని కొమ్మలవుతాయి. మొదటి పువ్వు కొన్ని రోజులు ఆలస్యమవుతుంది. దానికి బదులుగా ఒక్క పువ్వు పూయవలసిన చోట పది పూలు పూస్తాయి. ఎరువు విషయంలోనూ ఇటువంటి నిగ్రహమే అవసరం. నత్రజని ఎక్కువైతే మొక్క ఆకులతో నిండుతుంది, పూత తగ్గుతుంది. నాస్టర్షియం అయితే బలహీనమైన నేలలోనే ఎక్కువగా పూస్తుంది.

కోత – విత్తు

పువ్వు కోయడం పాపమా అనే ప్రశ్న తెలుగు పాఠకులకు కొత్తది కాదు. జంధ్యాల పాపయ్యశాస్త్రి ‘పుష్పవిలాపం’లో పూలు కోయవచ్చిన వ్యక్తిని పూలే నిలువరించి తమ వేదనను చెప్పుకొంటాయి. ఆముక్తమాల్యదలోని విష్ణుచిత్తుడు పూలమాలలు కట్టి దైవానికి అర్పించడంలోనే జీవితసాఫల్యాన్ని చూశాడు. ఈ రెండు దృష్టుల నడుమ ఏకవార్షికాలు ఒక వింత సమాధానం చెబుతాయి.

ఏకవార్షిక మొక్క పూచేది విత్తనం కోసం. విత్తనం కట్టడం పూర్తికాగానే దాని పని ముగుస్తుంది. ఆకులు పసుపెక్కి మొక్క ఎండుతుంది. వాడిన పువ్వును, విత్తనం ముదరకముందే కోసివేస్తూ ఉంటే మొక్క మళ్ళీ మళ్ళీ మొగ్గ తొడుగుతుంది. పూత నెలకు పైగా సాగుతుంది. అంటే కోయడం వల్ల మొక్క ఆయువు పెరుగుతుంది. అయితే ప్రతి పువ్వునూ కోసివేసిన తోటలో మరుసటి ఏటికి ఏమీ మిగలదు. అందుకే తెలిసిన తోటమాలి ఆరోగ్యంగా, మంచి రంగుతో, నిండుగా పూచిన నాలుగైదు మొక్కలను ముందే గుర్తించి, వాటికి దారమో రంగుగుడ్డో కట్టి, వాటి పూలను ముట్టుకోడు. మిగిలిన తోట ఈ ఏటిది. ఆ నాలుగైదు మొక్కలు వచ్చే ఏటివి.

శిశిరంలో ఆ పూలు మొక్కమీదనే ఎండుతాయి. కాయ గోధుమరంగుకు తిరిగిన తరువాత, పగిలి రాలకముందు, మంచు ఆరిన వేళ కోయాలి. నీడలో బాగా ఆరబెట్టి, పొట్టు చెరిగి, కాగితపు పొట్లాలలో కట్టి, వాటిని బిగుతుగా మూత పట్టే సీసాలో చల్లనిచోట దాచాలి. విత్తనం ఆయువును తగ్గించేవి తేమ, వేడి. విత్తనంలోని తేమ ఒక శాతం తగ్గితే, లేదా నిలువచేసిన చోటి ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గితే దాని ఆయువు దాదాపు రెట్టింపవుతుందని విత్తనశాస్త్రం చెబుతుంది. తెలుగునాట వేసవి వేడిమినీ, ఆపై వానాకాలపు తేమనూ రెండింటినీ విత్తనం దాటవలసి ఉంటుంది. ఆస్టర్ గింజలు ఒకటి రెండేళ్ళకే మొలకశక్తిని కోల్పోతాయి కనుక వాటిని ఏటేటా కొత్తగా పండించుకోవాలి.

‘విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా’ అని తెలుగు సామెత. తరతరాల రైతుల అనుభవం నుండి పుట్టిన మాట అది. నేటి సంకర విత్తనాల విషయంలో ఆ సామెత తడబడుతుంది. రెండు వేరువేరు శుద్ధ వంశాలను కలిపి తయారుచేసే మొదటితరం సంకర మొక్కలు ఒకేలా పెరిగి, పెద్ద పూలు పూస్తాయి. వాటి గింజలను దాచి మళ్ళీ విత్తితే తల్లిని పోలనివి, చిన్నపూలవి, రకరకాల రంగులవి మొలుస్తాయి. అంటే ఆ విత్తనం ఒక్క తరానికే పనికివస్తుంది; ప్రతి శరత్తులోనూ మళ్ళీ కొనవలసిందే. పండుగ మార్కెట్టుకు ఒకే పరిమాణంలో పువ్వు కావలసిన రైతుకు సంకర విత్తనం లాభసాటి కావచ్చు. కాని విత్తనం కోసం ఏటేటా ఇతరుల మీద ఆధారపడడం దానికి చెల్లించే మూల్యం.

సంకరం కాని మేలురకాలు కూడా శాస్త్రజ్ఞులు రూపొందించినవి ఉన్నాయి. బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ చైనా ఆస్టర్‌లో కామిని, పూర్ణిమ, శశాంక్ వంటి రకాలను, ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ బంతిలో పూసా నారంగి గెంద, పూసా బసంతి గెంద అనే రకాలను అందించాయి. ఇటువంటి రకాల విత్తనాన్ని జాగ్రత్తగా ఎంచి దాచుకోవచ్చు. అయితే బంతిలో తేనెటీగలు, ఇతర కీటకాలు ఒక రకం పుప్పొడిని మరొక రకానికి మోస్తాయి. కాబట్టి విత్తనం కోసం ఉంచిన మొక్కల దగ్గర వేరొక రకం బంతి లేకుండా చూడాలి. రైతు తన పంట విత్తనాన్ని దాచుకొనే, తిరిగి విత్తుకొనే, ఇతరులతో మార్చుకొనే హక్కును 2001లో భారత పార్లమెంటు చేసిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం గుర్తించింది. చట్టం హక్కును ఇవ్వగలదు. ఏ పువ్వును కోయాలో, దేనిని ఉంచాలో తెలిసిన చేతిని ఇవ్వలేదు. ఆ నేర్పు ఒక తరం వాడకపోతే మరుసటి తరానికి అందదు.

శీతోష్ణాలను గమనించడం, తేమను వేళ్ళతో తెలుసుకోవడం, ఇష్టమైన చిగురును తుంచగలగడం, అందమైన పువ్వును కోయకుండా ఆగగలగడం – ఇవి ఒక మట్టి మూకుడులో, పావు గ్రాము విత్తనంతో కూడా నేర్చుకోదగినవి. ఫాల్గుణంలో కట్టిన కాగితపు పొట్లం మీద పువ్వు పేరు, రంగు, సేకరించిన తేదీ వ్రాసి ఉంచితే, ఉత్తర కార్తె రాగానే అది మళ్ళీ అదనును గుర్తుచేస్తుంది.

కఠిన పదాలకు అర్థాలు

కృషీవలుడు = రైతు
నిశితంగా = సూక్ష్మంగా
ఏకవార్షికం = ఒకే ఋతుచక్రంలో జీవితం ముగించే మొక్క
కార్తె = సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే కాలం
మన్యం = కొండలు, అడవులు గల ప్రాంతం
విజృంభించు = చెలరేగు
నిగ్రహం = అదుపు
సంకరం = వేరువేరు వంశాల కలయిక వల్ల పుట్టినది
మూల్యం = వెల

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.

1. అదను, పదును అనే మాటల అర్థాన్ని వివరించి, శీతకాలపు పూల పెంపకంలో వాటి ప్రాధాన్యాన్ని చర్చించండి.
2. సంకర విత్తనం వల్ల రైతుకు కలిగే లాభనష్టాలను పాఠం ఆధారంగా విశ్లేషించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు వ్రాయండి.

1. మధ్యధరా తీరపు మొక్కలు తెలుగునేల చలికాలంలో ఎందుకు ఇమిడిపోయాయి?
2. నారుకుళ్ళు తెగులుకు కారణాలేవి? దానిని నివారించే మార్గాలేవి?
3. పువ్వును కోయడం వల్ల ఏకవార్షిక మొక్క ఆయువు ఎలా పెరుగుతుంది?

III. ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.

1. బంతి పుట్టినిల్లు ఏది?
2. ఫ్లాక్స్ మొక్కకు ఎవరి పేరు పెట్టారు?
3. వెలుగు తగిలితేనే బాగా మొలిచే రెండు విత్తనాల పేర్లు తెలపండి.

IV. వ్యాకరణాంశాలు

సంధులు: శరదృతువు = శరత్ + ఋతువు (జశ్త్వ సంధి); సూర్యోదయం = సూర్య + ఉదయం (గుణ సంధి); జీవనాధారం = జీవన + ఆధారం (సవర్ణదీర్ఘ సంధి).

సమాసాలు: పూలతోట = పూల యొక్క తోట (షష్ఠీ తత్పురుష సమాసం); శీతోష్ణాలు = శీతమును, ఉష్ణమును (ద్వంద్వ సమాసం); మూడు నెలలు = మూడు సంఖ్య గల నెలలు (ద్విగు సమాసం).